ఏ కాల్‌కూ దారి మూసుకుపోకూడదు: ఆసుపత్రి ఫోన్లకు ఫ్రీపీబీఎక్స్ ఎంతవరకు నమ్మదగినది?

వ్యాపార సంస్థలకు టెలిఫోన్ వ్యవస్థలు అమర్చి నిర్వహించడం నా వృత్తి. గుంటూరు కొత్తపేటలోని ఒక మధ్యతరహా ఆసుపత్రిలో పాత ఇంటర్‌కమ్ ఎక్స్ఛేంజీని తీసివేసి, దాని స్థానంలో ఫ్రీపీబీఎక్స్ అనే ఉచిత టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌ను పెట్టి, ఇప్పటికీ దాని బాగోగులు చూస్తున్నాను. ఈ సమీక్షలో ఆ సాఫ్ట్‌వేర్ సదుపాయాలన్నింటినీ ఏకరువు పెట్టబోవడం లేదు. బయటి నుంచి వచ్చిన కాల్‌ను ఆపరేటర్ ప్రమేయం లేకుండా సరైన మనిషి దగ్గరికి చేర్చే పనిలో దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న ప్రశ్నకే పరిమితమవుతాను. ఆసుపత్రికి ఫోన్ చేసేవారిలో సగానికి సగం మంది ఆందోళనతోనే చేస్తారు. వారి కాల్ ఎవరూ ఎత్తకుండా కట్ అయిపోతే పోయేది ఒక బేరం మాత్రమే కాదు.

నా అభిప్రాయం ముందుగానే చెబుతాను. ఫ్రీపీబీఎక్స్ ఈ పనికి చాలా మంచి సాధనం. ఇదే ధరలో, అంటే సాఫ్ట్‌వేర్‌కు ఏమీ చెల్లించకుండా, ఇంతకంటే మెరుగైనది నాకు దొరకలేదు. అయితే అది ప్రతి మలుపులోనూ "ఇక్కడ ఎవరూ దొరక్కపోతే కాల్ ఎక్కడికి వెళ్లాలి?" అని అడుగుతుందే తప్ప, మీరిచ్చిన సమాధానం సరైనదో కాదో పరీక్షించదు. ఆ ప్రశ్నకు ప్రతిచోటా ఆలోచించి సమాధానం రాసినవారికి వ్యవస్థ నమ్మకంగా పనిచేస్తుంది. ముందుగా ఉన్న అమరికలనే వదిలేసినవారికి, అన్నీ సవ్యంగా ఉన్న రోజున మాత్రమే పనిచేస్తుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. ఫ్రీపీబీఎక్స్ కింద అసలు పనిచేసే యంత్రం ఆస్టెరిస్క్. అమెరికాలో మార్క్ స్పెన్సర్ 1999లో మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ అది. ఆస్టెరిస్క్‌ను నేరుగా వాడాలంటే డయల్‌ప్లాన్ అనే ఆదేశాల జాబితాను చేతితో రాసుకోవాలి. ఫ్రీపీబీఎక్స్ ఆ జాబితాను బ్రౌజర్‌లో ఫారాలు నింపితే తానే రాసిపెడుతుంది. ఫ్రీపీబీఎక్స్ 2015 నుంచి, ఆస్టెరిస్క్‌కు అండగా ఉన్న డిజియం సంస్థ 2018 నుంచి కెనడాకు చెందిన సాంగోమా చేతిలో ఉన్నాయి. కాబట్టి రెండింటి భవిష్యత్తూ ఇప్పుడు ఒకే సంస్థపై ఆధారపడి ఉంది. దాన్ని లాభంగా చూసేవారూ ఉన్నారు, ప్రమాదంగా చూసేవారూ ఉన్నారు; ఇంతవరకు నాకు ఇబ్బంది కలగలేదు.

బయటి కాల్ ముందుగా ఇన్‌బౌండ్ రూట్ దగ్గరికి వస్తుంది. ఏ నంబరుకు ఫోన్ వచ్చిందన్నదాన్ని బట్టి దారి ఇక్కడే చీలుతుంది. మా ఆసుపత్రిలో క్యాజువాలిటీకి ప్రత్యేకమైన నంబరు ఉంది. దానికి వచ్చిన కాల్ ఏ మెనూకూ తగలకుండా, ఏ వేళా పట్టికనూ దాటకుండా నేరుగా క్యాజువాలిటీ బల్ల మీది ఫోన్లలో మోగుతుంది. నా దృష్టిలో కాల్ రూటింగ్ రూపకల్పనలో అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం ఇదే: ఏ కాల్‌ను యంత్రం తాకకూడదో ముందుగా తేల్చుకోవడం. ఆ తరువాతే మిగతావాటిని యంత్రానికి అప్పగించాలి. ఏ నంబరుకూ సరిపోలని కాల్ వస్తే పట్టుకోవడానికి, నంబరు గడిని ఖాళీగా వదిలిన ఇన్‌బౌండ్ రూట్ ఒకటి తప్పకుండా ఉండాలి. టెలికాం సంస్థ ఏదో ఒక మార్పు చేసి, నంబరుకు ముందు 91 చేర్చో తీసివేసో పంపడం మొదలుపెట్టిన రోజున ఆ ఖాళీ రూట్ ఒక్కటే కాల్‌ను కాపాడుతుంది.

తరువాతి మజిలీ టైమ్ కండిషన్, అంటే పనివేళలను బట్టి దారి మార్చే చోటు. చూడడానికి చాలా సులువుగా కనిపించే ఈ భాగంలోనే నేను చూసిన వ్యవస్థల్లో ఎక్కువ పొరపాట్లు దాగి ఉంటాయి, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. టైమ్ గ్రూప్‌లో, అంటే ఆ పనివేళల పట్టికలో, గంటలు, వారంలోని రోజులు, తేదీలు, నెలలు వేటికవే విడిగా సరిచూడబడతాయి. అన్నీ సరిపోతేనే ఆ నియమం వర్తిస్తుంది. జనవరి 13 నుంచి 16 వరకు అని సంక్రాంతి సెలవులు పెడితే ఏ చిక్కూ లేదు. కానీ అక్టోబర్ 30 నుంచి నవంబర్ 2 వరకు అని పెడదామని నెలల గడిలో అక్టోబర్-నవంబర్, తేదీల గడిలో 30-2 అని నింపితే, యంత్రానికి అది నాలుగు రోజుల వరుసగా అర్థం కాదు. ఆ రెండు నెలల్లోనూ 30వ తేదీ నుంచి నెలాఖరు దాకా, 1, 2 తేదీలూ అన్నీ సెలవులే అనుకుంటుంది. ఫలితంగా అక్టోబర్ 1, 2 తేదీల్లో కూడా "ఈరోజు ఓపీ లేదు" అనే ప్రకటన వినిపిస్తుంది. నెల మారే సెలవులను తప్పనిసరిగా రెండు వరుసలుగా విడగొట్టాలి. ఇక ఈ పట్టికలో సంవత్సరం అనే గడి అసలే లేదు. సంక్రాంతి తేదీలు దాదాపు స్థిరం కాబట్టి సరిపోతుంది గానీ, ఉగాది, వినాయక చవితి, దీపావళి ఏటా మారతాయి. నిరుడు పెట్టిన నియమాన్ని తీసివేయకపోతే ఈ ఏడు పనిదినం నాడు ఫోన్లు మూగబోతాయి. క్యాలెండర్ మాడ్యూల్ అనే అదనపు భాగాన్ని టైమ్ కండిషన్‌కు జోడిస్తే ఈ చిక్కులు రెండూ తీరిపోతాయి. అందులో తేదీలు సంవత్సరంతో సహా నమోదవుతాయి. కొత్తగా పెట్టేవారికి నేను దాన్నే సిఫారసు చేస్తాను.

అనుకోని సెలవు సంగతి వేరు. తుపాను హెచ్చరిక వచ్చి ఓపీ మూసేశారనుకోండి. రాత్రి పూట బ్రౌజర్ తెరిచి సెట్టింగులు మార్చే మనిషి ఆసుపత్రిలో ఉండడు. దీనికి కాల్ ఫ్లో కంట్రోల్ అనే చిన్న సదుపాయం ఉంది. రిసెప్షన్ ఫోన్ నుంచి స్టార్ 28, దాని పక్కన ఆ కంట్రోల్‌కు ఇచ్చిన సంఖ్య నొక్కితే కాల్స్ దారి మొత్తం రెండో వైపుకు మళ్లుతుంది; మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది. ఫోన్ మీద ఒక బొత్తానికి దాన్ని కలిపితే, ఏ వైపు ఉందో దీపం రంగు చూసి తెలుసుకోవచ్చు. రాత్రి డ్యూటీ నర్సు కూడా వాడగలిగేంత సులువు. ఫ్రీపీబీఎక్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన అంశం ఇది.

ఇప్పుడు ఐవీఆర్, అంటే "ఓపీ టోకెన్ కోసం ఒకటి నొక్కండి" అని పలికే మెనూ. ఫ్రీపీబీఎక్స్‌లో మెనూ తయారు చేయడానికి పావుగంట చాలు. మంచి మెనూ తయారు చేయడానికి మాత్రం ఆసుపత్రి రిసెప్షన్‌లో కూర్చుని, వచ్చే కాల్స్ దేనికి వస్తున్నాయో వినాలి. మా మెనూలో నాలుగే అంశాలు ఉన్నాయి: ఓపీ టోకెన్లు, ల్యాబ్ రిపోర్టులు, ఎన్టీఆర్ వైద్యసేవ వివరాలు, మిగతా అన్నిటికీ రిసెప్షన్. మెనూ మొదటి వాక్యమే "అత్యవసరమైతే వెంటనే సున్నా నొక్కండి" అని ఉంటుంది. ఆసుపత్రి గురించిన పరిచయం, డాక్టర్ల డిగ్రీలు, కొత్త స్కానింగ్ యంత్రం గురించిన ప్రకటన, ఇవేవీ మెనూకు ముందు ఉండకూడదని యాజమాన్యంతో నేను గట్టిగా వాదించాను. ఫోన్ చేసినవారి ఓపికను ప్రకటనకు ఖర్చుచేస్తే, అసలు మెనూ వచ్చేసరికి వారు ఫోన్ పెట్టేస్తారు.

మెనూలో మీట నొక్కేవారికంటే నొక్కనివారి గురించి ఎక్కువ ఆలోచించాలి. పల్లెల నుంచి ఫోన్ చేసే పెద్దవారిలో చాలామంది మనిషి గొంతు వినబడగానే మాట్లాడడం మొదలుపెడతారు. మాట్లాడుతూ ఉండగానే మెనూ అయిపోతుంది, యంత్రం నిర్ణీత వ్యవధి వేచి చూస్తుంది, ఆపైన మెనూ మళ్లీ మొదటి నుంచి పలుకుతుంది, కొన్నిసార్లు తిరిగాక కాల్ కట్ అవుతుంది. సాధారణంగా కనిపించే అమరిక ఇదే. నేను వేచి చూసే సమయాన్ని 10 సెకన్ల నుంచి 4 సెకన్లకు తగ్గించాను, మళ్లీ వినిపించే సంఖ్యను ఒకటికి పరిమితం చేశాను, ఆ తరువాత కూడా ఏమీ నొక్కకపోతే కాల్‌ను రిసెప్షన్ క్యూకు, అంటే కాల్స్ వరుసలో వేచి ఉండే చోటుకు పంపుతాను. తప్పు మీట నొక్కినవారికీ అదే దారి. మెనూలో మనిషి ఓడిపోయే మార్గం ఉండనే కూడదు. ఏమీ చేయకపోయినా అతడు ఒక మనిషి దగ్గరికే చేరాలి. వీటితోపాటు, మెనూలోనే ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్) నంబరు నేరుగా నొక్కే వీలును ఆపివేశాను. బయటివారు వరుసగా నంబర్లు ప్రయత్నిస్తూ ఆపరేషన్ థియేటర్ ఫోన్‌ను మోగించడం ఎవరికీ అవసరం లేదు.

మీట నొక్కినా యంత్రానికి తెలియకపోవడం మరో ఇబ్బంది. మీట స్వరాలు మాటతో కలిసి శబ్దంగా వస్తాయా, విడిగా ఆర్‌ఎఫ్‌సీ 4733 అనే ప్రామాణిక పద్ధతిలో సంకేతాలుగా వస్తాయా అన్నది టెలికాం సంస్థ సిప్ ట్రంక్‌ను, అంటే ఇంటర్నెట్ తరహాలో కాల్స్ మోసే లైన్‌ను బట్టి ఉంటుంది. రెండు వైపులా ఒకే పద్ధతి పెట్టకపోతే ఒకటి నొక్కితే రెండుసార్లు నమోదవడం గానీ, అసలు నమోదు కాకపోవడం గానీ జరుగుతుంది. వ్యవస్థను అప్పగించే ముందు వేరువేరు సంస్థల మొబైల్ ఫోన్ల నుంచీ, ఒక ల్యాండ్‌లైన్ నుంచీ ప్రతి మీటనూ నొక్కి చూడాలి.

తెలుగు గొంతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆస్టెరిస్క్‌తోపాటు వచ్చే అధికారిక ధ్వని సంపుటాల్లో తెలుగు లేదు. మెనూను మనమే రికార్డు చేసి ఎక్కించుకుంటాం కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. కానీ క్యూలో నిలబడ్డవారికి యంత్రం తానే చెప్పే మాటలు, అంటే వరుసలో ఎన్నోవారో తెలిపే ప్రకటనలు, ఇంగ్లీషులోనే వస్తాయి. తెలుగు మెనూ విని తెలుగులో ఆలోచిస్తున్న మనిషికి హఠాత్తుగా ఇంగ్లీషు వినిపిస్తే తప్పు నంబరుకు వచ్చానేమోనని ఫోన్ పెట్టేస్తాడు. మంచి విషయం ఏమిటంటే, ఆ ధ్వని ఫైళ్లను తెలుగులో చేసుకోవడం అంత కష్టం కాదు. సున్నా నుంచి పంతొమ్మిది దాకా ఒక్కొక్కటి, ఆ పైన ఇరవై, ముప్పై, నలభై అని పదుల మాటలు రికార్డు చేస్తే చాలు. ఇరవై పక్కన మూడు చేర్చి యంత్రం "ఇరవై మూడు" అని పలుకుతుంది. హిందీలో నూరు లోపు దాదాపు ప్రతి సంఖ్యకూ వేరే రూపం ఉంటుంది కనుక అక్కడ ఈ ఉపాయం పారదు. సంఖ్యకు ముందు "వరుసలో మీ సంఖ్య", తరువాత "దయచేసి వేచి ఉండండి" అన్నట్లు వాక్యాన్ని రెండు ముక్కలు చేసి రికార్డు చేస్తే తెలుగు సహజంగానే వినిపిస్తుంది. ఫైళ్లు 8 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో రూపంలో ఉండాలి. స్టూడియో అక్కర్లేదు గానీ ఫ్యాను ఆపిన గది, తొందరపడని గొంతు కావాలి. మేము ఆసుపత్రిలో పనిచేసే సీనియర్ నర్సు గొంతునే వాడాం. రోగులకు ఆ గొంతు పరిచయం కావడం మంచిదే అయింది.

ఇక అసలు హృదయం క్యూ. చాలామంది అమర్చేవారు దీనికి బదులు రింగ్ గ్రూప్‌తో సరిపెడతారు: రిసెప్షన్‌లోని మూడు ఫోన్లను ఒకేసారి మోగించడం, 20 సెకన్లలో ఎవరూ ఎత్తకపోతే మరో చోటికి పంపడం. చిన్న దుకాణానికి అది చాలు. కానీ రింగ్ గ్రూప్‌కు వరుస అనే భావన లేదు. ముందు వచ్చినవారికి ముందు సమాధానం దక్కాలన్న న్యాయం అందులో ఉండదు. ఉదయం ఓపీ టోకెన్ల వేళ ఎవరి అదృష్టం వారిది. క్యూలో మాత్రం వచ్చిన వరుస తప్పదు.

ఎంతమందిని కూర్చోబెట్టాలన్నది ఊహకు వదలకూడదు. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1917లోనే దీనికి సూత్రం ప్రచురించాడు. గంటకు 20 కాల్స్ వస్తూ, ఒక్కోటి సగటున 3 నిమిషాలు సాగితే, ఆ పని మొత్తం గంటపాటు ఒక మనిషికి సరిపోయేంత. అలాగని ఒక్కరినే కూర్చోబెడితే వరుస పెరుగుతూనే పోతుంది. ఇద్దరిని పెడితే ప్రతి ముగ్గురిలో ఒకరు ఆగవలసి వస్తుంది. సగటు నిరీక్షణ 60 సెకన్లు. ముగ్గురిని పెడితే ఆగేవారు 9 శాతానికి, సగటు నిరీక్షణ సుమారు 8 సెకన్లకు తగ్గిపోతాయి. అదే కాల్స్ 40కి పెరిగితే ఇద్దరు ఉన్న క్యూ ఎప్పటికీ తరగదు, ముగ్గురు ఉంటే సగటు నిరీక్షణ 80 సెకన్లు, నలుగురు ఉంటే సుమారు 16 సెకన్లు. ఈ లెక్క చూపించాకే యాజమాన్యం ఉదయం 8 నుంచి 11 దాకా ఫార్మసీ కౌంటర్‌లోని ఒకరిని ఫోన్ల దగ్గర కూర్చోబెట్టడానికి ఒప్పుకుంది. ఎంత తెలివైన రూటింగ్ అయినా లేని మనిషిని పుట్టించలేదు. ఈ మాట సాఫ్ట్‌వేర్ అమ్మేవారు చెప్పరు.

క్యూలోని అమరికలు ముప్పైకి పైగానే ఉంటాయి. వాటిలో నమ్మకాన్ని నిర్ణయించేవి కొన్నే. మొదటిది గరిష్ఠ నిరీక్షణ సమయం. ముందుగా ఉన్న విలువ అపరిమితం, అంటే ఎవరూ ఎత్తకపోతే మనిషి విసిగి పెట్టేసేదాకా సంగీతం వినిపిస్తూనే ఉంటుంది. దీన్ని 2 నిమిషాలకు కుదించి, ఆ తరువాత నర్సింగ్ సూపరింటెండెంట్ ఫోన్‌కు, అక్కడా ఎత్తకపోతే "మీ నంబరు మా వద్ద నమోదైంది, మేమే ఫోన్ చేస్తాం" అనే ప్రకటనతో వాయిస్‌మెయిల్‌కు పంపాను. రెండోది, ఎత్తే మనుషులెవరూ లేని క్యూలోకి కాల్‌ను రానివ్వాలా అన్న ప్రశ్న. స్ట్రిక్ట్ అని పెడితే, అందరూ లాగవుట్ అయినా, విరామంలో ఉన్నా, కాల్ క్యూలో చిక్కుకోకుండా వెంటనే ప్రత్యామ్నాయ దారి పడుతుంది. క్యూలో ఉండగా అందరూ వెళ్లిపోతే ఏం చేయాలన్న అమరికకూ అదే విలువ ఇవ్వాలి. మూడోది, మాట్లాడుతున్నవారికి రెండో కాల్ మోగకుండా ఆపే సెట్టింగ్. ఇది లేకపోతే బిజీగా ఉన్న ఫోన్ దగ్గర కాల్ 15 సెకన్లు వృథాగా మోగి అప్పుడు పక్కవారికి వెళ్తుంది.

పంపిణీ పద్ధతుల్లో అన్ని ఫోన్లూ ఒకేసారి మోగేది నేను వాడను. అందరివీ మోగినప్పుడు ఎవరో ఒకరు ఎత్తుతారులే అనే భావన అందరికీ కలుగుతుంది. జ్ఞాపకం ఉంచుకుని వంతులవారీగా పంచే రౌండ్ రాబిన్ పద్ధతిలో పని సమానంగా పడుతుంది, ఎత్తనిది ఎవరో నమోదులో కనిపిస్తుంది. ఎత్తని ఫోన్‌ను దానంతట అదే విరామంలో పెట్టే ఆటోపాజ్ సదుపాయాన్ని పై స్ట్రిక్ట్ అమరికతో కలిపి మాత్రమే వాడాలి. లేకపోతే భోజన సమయంలో ముగ్గురూ ఒకరి తరువాత ఒకరు విరామంలో పడిపోయి, ఆఖరికి క్యూ ఒక చెరసాలగా మారుతుంది.

రాత్రివేళ క్యూ సభ్యులుగా మొబైల్ నంబర్లు చేర్చాలన్న కోరిక ప్రతి యాజమాన్యానికీ ఉంటుంది. చేర్చవచ్చు, కానీ రెండు జాగ్రత్తలు కావాలి. బయటి మొబైల్ బిజీగా ఉందో ఖాళీగా ఉందో ఆస్టెరిస్క్‌కు తెలియదు. దాని లెక్కలో అది ఎప్పుడూ ఖాళీయే. అంతేకాక మొబైల్‌లోని వాయిస్‌మెయిల్ గానీ, మరేదైనా రికార్డు చేసిన గొంతు గానీ కాల్‌ను ఎత్తితే, మనిషే ఎత్తాడని యంత్రం నమ్మి రోగిని దానికి కలిపేస్తుంది. అందువల్ల ఎత్తిన మనిషి ఒకటి నొక్కితేనే కాల్ కలిసే ధ్రువీకరణ తప్పనిసరి. రింగ్ గ్రూప్‌లోనూ, ఒకరి కాల్ వారి మరో ఫోన్‌కు వెళ్లే ఫాలో మీ లోనూ, క్యూలోనూ ఈ సదుపాయం ఉంది. అయినా మొబైల్ ఖాళీగా ఉందో లేదో క్యూకు తెలియదు కాబట్టి, రాత్రి కాల్స్‌ను క్యూకు కాకుండా, ధ్రువీకరణ ఉన్న రింగ్ గ్రూప్‌కు పంపడమే నాకు సరైన పద్ధతిగా తోచింది.

ఇంతవరకు చెప్పినదంతా సర్వర్ నడుస్తున్నప్పటి మాట. కరెంటు పోయినప్పుడు, ఇంటర్నెట్ తెగినప్పుడు ఫ్రీపీబీఎక్స్ తనంతట తాను ఏమీ చేయలేదు. కృష్ణా కాలువలో నీరెంత ఉన్నా తూము మూసి ఉంటే చివరి ఆయకట్టుకు చుక్క చేరదు; సర్వర్‌లో ఎంత చక్కని దారులు గీసినా కాల్ అసలు సర్వర్‌ను చేరకపోతే వాటికి అర్థం లేదు. అందుకే మొదటి ప్రత్యామ్నాయం టెలికాం సంస్థ వైపే ఉండాలి: మన ట్రంక్ స్పందించకపోతే కాల్‌ను ఒక నిర్దిష్ట మొబైల్‌కు మళ్లించమని రాతపూర్వకంగా అడిగి పెట్టించుకోవాలి, కేబుల్ పీకి దాన్ని పరీక్షించి చూడాలి. సర్వర్, స్విచ్, రూటర్, టెలికాం సంస్థ పెట్టిన పెట్టె, నాలుగూ ఒకే యూపీఎస్ మీద ఉండాలి. సర్వర్‌కు మాత్రమే యూపీఎస్ ఇచ్చి ఫోన్లకు విద్యుత్తునిచ్చే స్విచ్‌ను మరిచిపోయిన చోట్లు ఎన్నో చూశాను. మేము సిప్ ట్రంక్‌తోపాటు పాత పీఆర్ఐ లైన్‌నూ, అంటే టెలిఫోన్ సంస్థ నుంచి నేరుగా వచ్చే డిజిటల్ లైన్‌నూ ఉంచుకున్నాం. ఒకేసారి 30 కాల్స్ మోసే ఆ లైన్ ఇంటర్నెట్ మీద ఆధారపడదు, గేట్‌వే అనే మార్పిడి పెట్టె ద్వారా ఫ్రీపీబీఎక్స్‌కు కలుస్తుంది. క్యాజువాలిటీ నంబరు దాని మీదే ఉంది.

బయటికి వెళ్లే దారిలోనూ, అంటే ఔట్‌బౌండ్ రూట్‌లోనూ, ఒక నియమం తప్పనిసరి. ఆసుపత్రిలోని ఏ ఫోన్ నుంచైనా 112, 108, 101 నొక్కితే ముందు సున్నా అవసరం లేకుండా, ఏ తాళమూ అడ్డుపడకుండా కాల్ వెళ్లాలి. అమెరికాలో 2020 ఫిబ్రవరి నుంచి కొత్త వ్యవస్థలకు ఇలాంటి నిబంధన చట్టరీత్యా అమలులో ఉంది. ఫ్రీపీబీఎక్స్‌లో ఔట్‌బౌండ్ రూట్‌కు అత్యవసర గుర్తు పెట్టే గడి ఉంది. మన దగ్గర చట్టం అడిగినా అడగకపోయినా ఐదు నిమిషాల పని ఇది.

నమోదుల విషయంలో ఉచిత ఫ్రీపీబీఎక్స్ నన్ను కొంత నిరాశపరిచింది. ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారన్న సీడీఆర్ నివేదిక బాగానే ఉంది. కానీ క్యూలో ఎందరు విసిగి పెట్టేశారు, ఎంతసేపు ఆగి పెట్టేశారు అన్నది సులువుగా చూపే నివేదికలు డబ్బు చెల్లించి కొనే మాడ్యూళ్లలో ఉన్నాయి. సమాచారం మాత్రం దాచలేదు: క్యూ లాగ్ అనే సాదా ఫైలులో ప్రతి ప్రవేశం, ప్రతి నిష్క్రమణ, ఎత్తకుండా మోగిన ప్రతి ఫోన్ వరుసగా రాసి ఉంటాయి. దాని నుంచి మధ్యలో పెట్టేసినవారి నంబర్లను ఏరి రోజూ మధ్యాహ్నం రిసెప్షన్‌కు జాబితా పంపే చిన్న స్క్రిప్ట్ రాసుకున్నాను. రిసెప్షన్‌వారు ఆ నంబర్లన్నిటికీ తిరిగి ఫోన్ చేస్తారు. మొత్తం వ్యవస్థలో రోగులు మెచ్చుకున్నది దీన్నే, "మీరే ఫోన్ చేశారా?" అని ఆశ్చర్యపోయినవారు ఎందరో.

భద్రతను తేలికగా తీసుకోవద్దు. ఫ్రీపీబీఎక్స్ నిర్వహణ పేజీని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం ఎంత ప్రమాదమో 2025 ఆగస్టులో లోకానికంతటికీ తెలిసివచ్చింది. ఫోన్ల అమరికలను చూసే ఎండ్‌పాయింట్ మాడ్యూల్‌లోని లోపం ద్వారా, పాస్‌వర్డ్ లేకుండానే దుండగులు లోపలికి ప్రవేశించగలిగారు. భద్రతా లోపాల అంతర్జాతీయ జాబితాలో సీవీఈ-2025-57819 అనే సంఖ్యతో నమోదైన ఆ లోపానికి సాంగోమా త్వరగానే సవరణ విడుదల చేసింది. నిర్వహణ పేజీని లోపలి నెట్‌వర్క్‌కు మాత్రమే పరిమితం చేసినవారికి బయటి నుంచి ఆ ముప్పు రాలేదు. ఐఎస్‌డీ (విదేశీ) కాల్స్ అవసరం లేని ఆసుపత్రిలో టెలికాం సంస్థ వైపే వాటిని మూసివేయించాలి, దూరం నుంచి ఎక్స్‌టెన్షన్లు కావాలంటే వీపీఎన్ అనే రక్షిత మార్గం మీదుగానే ఇవ్వాలి. రాత్రికి రాత్రి విదేశాలకు వేల నిమిషాల కాల్స్ వెళ్లి బిల్లు మీద పడే మోసం ఊహ కాదు, ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలిసిన నిజం.

ఇది ఎవరికి తగినది? ఈ సర్వర్లు నడిచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ తెలిసిన మనిషి సంస్థలో గానీ, ఊళ్లో గానీ అందుబాటులో ఉన్నవారికి నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అలాంటి మనిషి లేని చోట నెలవారీ రుసుముతో నడిచే క్లౌడ్ టెలిఫోన్ సేవను తీసుకోవడమే మేలు. అక్కడ స్వేచ్ఛ తక్కువైనా, సర్వర్ పడిపోతే లేపవలసిన బాధ్యత వారిది. సాఫ్ట్‌వేర్ ఉచితం అన్న మాట విని మోసపోవద్దు: సర్వర్, ఐపీ ఫోన్లు, గేట్‌వే, యూపీఎస్, నిర్వహణ, వీటిలో ఏదీ ఉచితం కాదు.

ఇప్పటికే ఫ్రీపీబీఎక్స్ పాత 16వ రూపం (వెర్షన్) వాడుతున్నవారికి ఒక హెచ్చరిక. దాని అధికారిక ఇన్‌స్టాలర్‌కు ఆధారమైన సెంటోస్ 7 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2024 జూన్ 30తో మద్దతు ముగిసింది. 17వ రూపం డెబియన్ 12 అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుంది కాబట్టి ఉన్న యంత్రంలోనే పైకి ఎక్కించడం కుదరదు. కొత్త సర్వర్‌ను సిద్ధం చేసి, పాతదాని బ్యాకప్‌ను అందులోకి దించాలి. ఫోన్లనూ లైన్లనూ కలిపే పాత సిప్ డ్రైవర్‌ను ఆస్టెరిస్క్ 21 నుంచి పూర్తిగా తొలగించారు గనుక, ఎక్స్‌టెన్షన్లనూ ట్రంక్‌లనూ దాని స్థానంలో వచ్చిన పీజేసిప్‌కు ముందుగానే మార్చుకోవాలి. మార్పు చేసిన రాత్రే క్యూ, మెనూ, టైమ్ కండిషన్‌ల ప్రత్యామ్నాయ దారులన్నిటినీ బయటి ఫోన్ నుంచి ఒక్కొక్కటిగా నడిచి చూడండి. రిసెప్షన్ ఫోన్లన్నీ పీకి ఒకసారి, ఇంటర్నెట్ తీసి ఒకసారి, ఏ మీటా నొక్కకుండా ఒకసారి. పాత సర్వర్‌ను ఈ పరీక్షలన్నీ నెగ్గాక మాత్రమే ఆపండి.